ప్రథమచాలనం

జూలై 17, గురువారం

మోపెడ్ చచ్చింది. సంగం జాగర్లమూడి దగ్గర కాలవ కట్టమీద, మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఒక్క మనిషి లేనప్పుడు. ట్రాలీ ఆటోలో వేసుకుని తెనాలి తీసుకొచ్చాను. మెకానిక్కు ఇంజను విప్పి చూసి, "పంతులుగారూ, ఇంక దీనికి మీరే ఏదన్నా మంత్రం చదవాలండి" అన్నాడు. వెధవ జోకు. పధ్నాలుగేళ్ళు మోసింది పాపం, నన్నూ నా సంచుల్నీ.

అన్నం వడ్డిస్తూ శ్యామల, "హాయిగా స్కూటర్ తీసుకోండి. సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు, పంచె చైనులో పడదు" అంది. మా ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అదే నా చిరాకు. స్కూటర్ చక్రాలు చిన్నవి, రేపల్లె రోడ్డు గుంటల్లో నడుం విరుగుతుందన్నాను. అసలు కారణం అది కాదు. ఇక్కడ రాసుకోవడానికేం, ఎవరు చూస్తారు గనక. నలభై ఏడేళ్ళొచ్చాయి, నాదంటూ గేర్లున్న బండి ఒక్కటి లేదు. లైసెన్సు మాత్రం గేరు బండిదే. పద్ధెనిమిదేళ్ళుగా బీరువాలో ఉంది.

సెప్టెంబరు 16, మంగళవారం, భాద్రపద బహుళ దశమి. ఆ రోజు రేపల్లెలో సుబ్బరత్నమ్మగారింట్లో వాళ్ళాయన మహాలయ శ్రాద్ధం పెట్టాలి. పొద్దున్నే కొలకలూరు గుళ్ళో అర్చన చేసేది నేనే, అది ఎనిమిదింటికి గానీ ముగియదు. అక్కణ్ణుంచి బస్సనీ రైలనీ కూర్చుంటే పన్నెండు దాటుతుంది. అందుకని నిశ్చయం చేసుకున్నాను. దశమినాడు పదింటికల్లా ఆవిడ గుమ్మంలో ఉండాలి, సొంత బండిమీద, ఎవరి దయా లేకుండా.

పోయినేడు జరిగిన సంగతి ఇక్కడ రాయను.

జూలై 19, శనివారం

ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. (శ్యామల ఒప్పుకోదు, ఆ అంగుళం నా పిలకది అంటుంది.) బరువు యాభై ఆరు. డబ్బు ఎనభై వేలు, అంతకు మించి లేదు. పని: రోజూ కొలకలూరు, నెలకి నాలుగైదుసార్లు రేపల్లె, రెండుసార్లు బాపట్ల, వెనక రెండు సంచులు.

షోరూముకి వెళ్ళాను. అక్కడ కొత్త బళ్ళకి పూజ చేసేది తొమ్మిదేళ్ళుగా నేనే. ఎన్ని వందల బళ్ళకి బొట్టు పెట్టానో, ఒక్కదానిమీదా కూర్చోలేదు. మేనేజర్ అజయ్ బాబు ఎంతో మర్యాదగా, "ఎక్కండి సార్, ట్రయల్ వెయ్యండి" అన్నాడు. చుట్టూ పదిమంది. అందులో ఇద్దరు నా కాళ్ళకి దణ్ణం పెట్టి బండి తీసుకెళ్ళినవాళ్ళే. వాళ్ళముందు ఎక్కి, బొటనవేళ్ళమీద నిలబడి ఊగిసలాడనా? "ఇవాళ శనివారం, ఇనుము ముట్టుకోను" అన్నాను. బాగానే అతికింది.

అక్కడ బళ్ళమ్మే అమ్మాయి పేరు రూబీ. నాకంటే రెండంగుళాలు పొట్టి. అంతంత బళ్ళనీ లోపలికీ బయటికీ తనే నడిపిస్తుంది. మూలనున్న నల్లబండి చూపించి, "మీకు అది సరిపోద్ది సార్. నూరు సీసీ, తేలిక" అంది. పాలవాళ్ళ బండి! తెల్లారగట్ల రెండుపక్కలా క్యాన్లు కట్టుకుని ఊరంతా తిరిగే బండి! నాకా! చెప్పులేసుకుని వచ్చేశాను.

జూలై 25, శ్రావణ శుక్రవారం

ఆరు బళ్ళు. మూడోది ఎర్రటిది, నూటపాతిక సీసీ. మంత్రాలు చదివాను, కొబ్బరికాయ కొట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాను. ఆ బండి ఆసామి ఫొటోల హడావిడిలో ఉండి, "నిమ్మకాయలు ఎవరు తొక్కించాలండీ?" అని అడిగాడు.

ఎవరి బండి వాళ్ళే తొక్కించుకుంటారు. తొమ్మిదేళ్ళుగా అంతే. కానీ నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "తొలి కదలిక పురోహితుడి చేతిమీదుగా అయితే శ్రేష్ఠం. ప్రథమచాలనం అంటారు."

అంటారట! ఎవరంటారు? ఆ మాట అప్పటికప్పుడు నేనే పుట్టించాను.

ఎక్కాను. నడిపాను. నాలుగు గజాలు. నిమ్మకాయలు చిట్లాయి, అందరూ చప్పట్లు కొట్టారు. మడమలు నేలకి బెత్తెడెత్తున ఉండిపోయాయి, వేళ్ళు మాత్రం ఆనాయి. ఆ నాలుగు గజాల్లో నాకెంత సంతోషమేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది. మిగతా మూడు బళ్ళకీ ప్రథమచాలనం నేనే చేశాను.

జూలై 26

శాస్త్రంలో లేదని ఎవరూ నిరూపించలేరు.

ఆగస్టు 1, శుక్రవారం

ఇప్పటికి తొమ్మిది బళ్ళు. ఒక సంగతి తెలిసింది. సీటు ఎంత ఎత్తుందని కాదు, ఎంత వెడల్పుందని చూడాలి. ఎత్తు తక్కువైనా సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడంగా జరిగి కాలు పొట్టిదైపోతుంది. నూటయాభై సీసీవాటితో మోజు తప్ప నాకేం లాభం? కదిలిస్తే ఒరుగుతాయి. నూటపాతికలో నీలంరంగుది ఒకటుంది, సీటు ముందువైపు సన్నగా ఉంటుంది. చైనుకి కవరు కూడా ఉంది. బహుశా అదే. లక్షా అయిదు వేలు. అదొక్కటే తంటా.

శాస్త్రం ఉందా లేదా అన్నది కాదు. నేను చేతులు కడుక్కుని, ఆచమనం చేసి మరీ ఎక్కుతున్నాను. కాబట్టి అపచారమేం లేదు.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

పధ్నాలుగు బళ్ళు. జనమే అడుగుతున్నారు, "పంతులుగారూ, ప్రథమచాలనం మర్చిపోకండి" అని. ఒకటి నూటతొంభై కిలోల బండి. దాన్ని ఆపేసరికి నాకు చెమటలు పోశాయి.

అందరూ వెళ్ళాక రూబీ దగ్గరికొచ్చింది. "సార్, ఒకటి చెప్పనా? రెండు కాళ్ళూ ఆనించాలని చూస్తున్నారు మీరు. కొంచెం ఎడమపక్కకి జరిగి ఒక్క పాదం పూర్తిగా దింపండి. చాలు."

తెలిసిపోయింది ఈ పిల్లకి. "ప్రథమచాలనంలో రెండు పాదాలూ భూమికి ఆనాలమ్మా" అన్నాను.

"అలాగా సార్" అంది. నవ్వలేదు. నవ్వినా బావుండేది.

ఆగస్టు 10, ఆదివారం

బాపట్లలో గృహప్రవేశం. పెద్దాయన దశరథరామయ్యగారు వచ్చారు. ఎనభై దాటిన పండితులు, మా నాన్నకి స్నేహితులు. "ఏమిటోయ్ సుబ్బయ్యా, మా ఊళ్ళో కూడా కార్లకీ ట్రాక్టర్లకీ ప్రథమచాలనం చేయించమంటున్నారు. తెనాలి నుంచి వచ్చిందిట. ఏ గ్రంథంలోది?" అన్నారు.

"మా నాన్నగారు చెబుతుండేవారండి" అన్నాను.

ఆయన నా మొహంకేసి కాసేపు చూసి, పులిహోర వడ్డించమన్నారు. చచ్చిపోయిన మనిషిని కూడా లాగాను ఇందులోకి. ఛీ.

ఆగస్టు 18, సోమవారం

పడింది.

అంగలకుదురు శివరామయ్యగారు, పెద్ద రైతు. ఆయన కూతురు కీర్తనకి బాపట్లలో విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రోజూ ఊళ్ళు తిరగాలి. సెప్టెంబరు పదో తారీఖులోపు సొంత బండి ఉందని చూపిస్తేనే చేర్చుకుంటారట. ఆ పిల్ల తన బండి తనే ఏరుకుంది. నీలంరంగు నూటపాతిక. నేను పదిహేను రోజులుగా మనసుపడ్డది.

నిమ్మకాయలు ఎక్కి దిగుతున్నప్పుడు రెండు కాళ్ళూ ఒక్కసారే ఆనించబోయాను. రెండూ ఆనలేదు. కుచ్చిళ్ళు ఫుట్‌రెస్టుకి చుట్టుకున్నాయి. బండీ నేనూ కుడిపక్కకి ఒరిగిపోయాం, అందరూ చూస్తుండగా. ఇండికేటరు విరిగింది, ట్యాంకుమీద అరచేయంత చొట్ట. నా మోకాలు చెక్కుకుపోయింది.

ఒక్కళ్ళూ నవ్వలేదు. శివరామయ్యగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "పంతులుగారి చేతిలోనే పడిందంటే... ఏంటండి దీనర్థం?" అన్నారు.

దీనర్థం నాకు తెలుసు. నా కాళ్ళు పొట్టివి. అది చెప్పలేదు. "కంగారు పడకండి, చిన్న శాంతి చేయిద్దాం" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. శాంతి కావాలంటే దోషం ఉన్నట్టేగా! ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, "ఈ బండీ వద్దు, ఏ బండీ వద్దు. నీకు అచ్చిరాదు" అని కారెక్కించారు. ఆ పిల్ల కారు అద్దంలోంచి నన్నే చూస్తూ వెళ్ళింది.

ఆగస్టు 19

మోకాలు నొప్పి.

ఆగస్టు 21, గురువారం

అజయ్ బాబు ఫోన్. శివరామయ్యగారు బండి వద్దని డబ్బు వాపసు అడిగారట. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు గనక, పాత ఖాతాదారు గనక సరేనన్నాడట. "పూజలో పడిన బండి ఇంకెవరు కొంటారు సార్? మీరైతే ఆ దోషం మీరే తీసేసుకోగలరు. ఎనభైకి ఇస్తాను."

ఎనభై! ఎవరో నా బీరువా తెరిచి చూసి చెప్పినట్టు. నా ఎత్తుకి సరే, నా తిరుగుడికి సరే, ఇప్పుడు నా డబ్బుకీ సరే.

ఆగస్టు 22

ఇది దైవసంకల్పం అయ్యుండాలి.

ఆగస్టు 23

దైవసంకల్పమే.

ఆగస్టు 24, ఆదివారం

శ్యామలకి చెప్పాను. బీరకాయలు చెక్కు తీస్తూ అంతా విని, "మీరు పడ్డారా, బండి పడిందా?" అంది.

"రెండూ."

"ముందు ఏది?"

ఈవిడతో ఇదే గొడవ. లాయరవ్వాల్సింది. "ముందూ వెనకా ఏంటే, అంతా ఒక్క క్షణంలో అయింది" అని కసిరాను.

"సరే. మరి ఆ పిల్ల ఎలా వెళ్తుంది బాపట్ల?"

"వాళ్ళ నాన్న చూసుకుంటాడు."

"ఏం చూసుకుంటాడూ? ఇంట్లో కూచోబెడతాడు" అని తొక్కులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. తొక్కుపచ్చడి మాత్రం చేసి పెట్టింది.

ఆగస్టు 25

అడ్వాన్సు కట్టేశాను. మహాలయ పక్షం మొదలయ్యేలోపు మంచిరోజు చూసుకుని తెచ్చుకుంటాను. ఇంక ఆలోచించేదేం లేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

వినాయక చవితి పందిళ్ళ పనుల్లో వారం గడిచింది. షోరూముకి వెళ్ళి నా బండి చూసుకున్నాను. ఇండికేటరు కొత్తది వేశారు. చొట్ట అలాగే ఉంది. పక్కకి జరిగి ఒక్క కాలు దింపి చూశాను, రూబీ చెప్పినట్టు. పాదం మొత్తం ఆనింది. ఆ రోజే ఇలా దింపి ఉంటే.

రూబీ లెడ్జరు రాసుకుంటూ, తలెత్తకుండా అంది. "నిన్న ఆ అమ్మాయి వచ్చింది సార్. కీర్తన. ఎవరినీ ఏం అడగలేదు. చున్నీతో అద్దం తుడిచి వెళ్ళిపోయింది."

"ఆవిడకి అచ్చిరాలేదమ్మా" అన్నాను.

"మీ కాలు అందలేదు సార్" అంది రూబీ. అంతే. మళ్ళీ రాసుకుంది.

సెప్టెంబరు 4, గురువారం

రాయనన్న సంగతి రాస్తున్నాను.

పోయినేడు దశమినాడు మోపెడ్ వేమూరు దాటాక ఒక కల్వర్టు దగ్గర ఆగిపోయింది. అది ఆగుతుందని నాకు వారం ముందే తెలుసు. మెకానిక్కు చెప్పాడు, "పంతులుగారూ, దూరం తీసుకెళ్ళకండి" అని. నడుస్తుందిలే అనుకున్నాను. ఫోన్ చేసి, "వచ్చేస్తున్నా, పావుగంట" అని మూడుసార్లు చెప్పాను. మూడూ అబద్ధాలే. రేపల్లె చేరేసరికి రెండున్నర.

సుబ్బరత్నమ్మగారికి డెబ్బై నాలుగు. షుగరుంది. వంట మొత్తం మడితో తనే చేస్తుంది, భోక్తలు తిని లేచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. నేను వెళ్ళేసరికి పొయ్యి దగ్గర పడిపోయి ఉంది. మోచెయ్యి కాలింది. నాకోసం సందు మొగలో ఎదురుచూస్తున్న కొడుకు వెంకట్రామయ్య, నేనూ ఆవిణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్ళాం. స్పృహ రాగానే ఆవిడ అడిగింది, "సుబ్బయ్య వచ్చాడా? ఆలస్యమైతే అయింది, పాపం ఏ ఎండలో ఉన్నాడో" అని.

నన్ను తిట్టి ఉంటే నేనింత బాధపడేవాణ్ణి కాదు.

నాకోసం ఒక మనిషి ఆకలితో పడిపోయింది. ఇప్పుడు నా మూలంగా ఇంకో పిల్ల ఇంట్లో కూచుంది. ఈ పిల్ల పేరు చెప్పి చవగ్గా దొరికిన బండెక్కి ఆవిడ గుమ్మంలోకి వెళ్తానట. దైవసంకల్పమట. నా మొహం.

రేపు అంగలకుదురు వెళ్తున్నాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

షేరింగ్ ఆటోలో వెళ్ళాను. శివరామయ్యగారు వసారాలో పేపరు చదువుతున్నారు. "రండి రండి పంతులుగారూ, శాంతి ముహూర్తం పెట్టారా?" అంటూ లేచి కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"శాంతి అక్కర్లేదండి. దోషమేమీ లేదు. నా కాలు అందలేదు, పడ్డాను."

"అదేంటండి! ప్రథమచాలనంలో పడిందిగా."

"ప్రథమచాలనం అనేదే లేదండి. నేను పుట్టించాను."

ఆయన పేపరు మడిచారు. "ఎందుకండి?"

"నేనో బండి కొనుక్కుందామని. అందరిముందూ ఎక్కి చూడ్డానికి సిగ్గేసి, నిమ్మకాయల వంకన ఎక్కి చూసుకున్నాను."

"అంటే... మా అమ్మాయి బండిమీద మీరు ట్రయలు వేశారా?"

"అవునండి."

"దేవుడి పేరు చెప్పి?"

"అవునండి."

మెడమీద నరాలు లేచాయి ఆయనకి. "మీరు కాబట్టి, ఇంటికొచ్చారు కాబట్టి ఊరుకుంటున్నాను. ఇంకొకడైతే ఈపాటికి..." అని ఆగిపోయారు.

లోపల్నుంచి కీర్తన వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేను చెప్పాగా నాన్నా, ఆయన మడమలు లేచిపోయాయని. నేను చూశానని."

"చెప్పావులే" అన్నారాయన.

"చెప్తే ఏమన్నావ్? పంతులుగారి కంటే నీకెక్కువ తెలుసా అన్నావ్."

ఆయన కూతురికేసీ చూడలేదు, నాకేసీ చూడలేదు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. నా నోట్లోంచి వచ్చిన అబద్ధానికి ఉన్న విలువ ఆ పిల్ల కళ్ళారా చూసిన నిజానికి లేకపోయింది. నేను పంచె కట్టుకున్నాను కాబట్టి.

"ఆ బండి అమ్మేశారా అండీ?" అని నన్నడిగింది కీర్తన.

ఇది కూడా చెప్పాల్సొచ్చింది. "లేదమ్మా. నేనే అడ్వాన్సు కట్టాను. దోషం బండి అని ఎనభైకి ఇస్తామన్నారు."

"అదీ ఉందా!" అన్నారు శివరామయ్యగారు. కోపంలోంచే ఒక నవ్వు వచ్చింది ఆయనకి, నవ్వాలని లేకపోయినా. "భలేవారండీ మీరు."

"రేపు పొద్దున్నే వాపసు తీసుకుంటాను. మీ అమ్మాయి బండి మీ అమ్మాయి తెచ్చుకోవాలి. పదో తారీఖులోపు. చొట్ట తీయించడం నా బాధ్యత."

"చొట్ట ఉండనివ్వండి సార్" అంది కీర్తన. "పార్కింగులో నా బండి గుర్తుపట్టడానికి బావుంటుంది."

శివరామయ్యగారు మడిచిన పేపరు పక్కన పెట్టారు. తర్వాత లోపలికి కేకేసి, "పంతులుగారికి మజ్జిగ తీసుకురండి" అన్నారు. ఈసారి కూర్చున్నాను.

సెప్టెంబరు 6, శనివారం

అజయ్ బాబుకి అంతా చెప్పి అడ్వాన్సు వాపసు అడిగాను. తల పట్టుకున్నాడు. "మీరు నిజం చెప్పారు, బానే ఉంది సార్. కానీ జనం అడుగుతున్నారు కదా. పోనీ రూబీ చేత తొక్కిద్దాం, మీరు పక్కన నిలబడి ప్రథమచాలనం అనండి చాలు."

"అనను. అడిగినవాళ్ళకి అలాంటిది లేదని చెబుతాను."

"అయితే దసరా పూజలకి వేరే ఆయన్ని చూసుకుంటాను సార్. ఏమనుకోకండి."

అనుకున్నాను. తొమ్మిదేళ్ళు. ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం బాపట్ల ఫోన్ చేసి, "అది మా నాన్నగారు చెప్పింది కాదండి, నా సొంతం" అన్నాను దశరథరామయ్యగారితో. "తెలుసు నాయనా. మీ నాన్నకి సైకిలే రాదుగా" అన్నారాయన. పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 8

మహాలయ పక్షం మొదలు. బండి లేదు. ఎనిమిది రోజులుంది.

సెప్టెంబరు 10, బుధవారం

రూబీ ఫోన్ చేసింది. కీర్తన ఆ నీలం బండిమీదే వెళ్ళి ఉద్యోగంలో చేరిందట. మొదటి రోజు కదా అని శివరామయ్యగారు కారు వేసుకుని బాపట్ల దాకా వెనకాలే వెళ్ళారట. దారిపొడుగునా హారన్ కొడుతూ.

సెప్టెంబరు 13, శనివారం

కొన్నాను.

షోరూములో పురుగు లేదు. మహాలయ పక్షంలో బండి కొనకండి, శనివారం ఇనుము ఇంటికి తేకండి అని తెనాలంతా చెప్పింది నేనే. అజయ్ బాబు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "సార్, మీరా! పోనీ అదంతా పక్కన పెట్టండి, ఇరవై రెండో తారీఖు నుంచి టాక్సు తగ్గుతోంది. వారం ఆగితే వేలు మిగుల్తాయి. నా మాట వినండి."

"దశమి ఆగదు బాబూ" అన్నాను.

వరసగా అన్నీ ఎక్కాను. వంక లేదు, నిమ్మకాయల్లేవు. అజయ్ బాబు చూశాడు, వాచ్‌మన్ చూశాడు, టీలు తెచ్చినాయన చూశాడు. ఒకదానిమీద బొటనవేళ్ళమీద ఊగాను కూడా. ఏమైంది? ఏమీ కాలేదు. టీలాయన గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళాడు. దీనికా నేను రెండు నెలలు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నది!

చివరికి ఆ మూలకి వెళ్ళాను. నల్లది. నూరు సీసీ. నూటపది కిలోలు. రూబీ హ్యాండిలు పట్టుకుని, "కొంచెం జరగండి సార్. ఇంకొంచెం. ఇప్పుడు ఎడంకాలు దింపండి" అంది. పాదం మొత్తం ఆనింది. కుడికాలు బ్రేకుమీదే ఉండిపోయింది. వెనక్కి తోశాను, నా మాట విని కదిలింది. ఈ బండిని నేను లేపగలను. పడితే నేనే ఎత్తుకోగలను. నూటపాతికమీద ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు, పడకూడదనే అనుకున్నాను.

"ఇదే" అన్నాను. మొదటి రోజు ఈ పిల్ల చెప్పింది ఇదే.

ఎనభై రెండయింది. ఆ రెండూ శ్యామల పోపుల డబ్బాలోవి. హెల్మెట్లో పిలక పట్టలేదు, విప్పి వెనక్కి దువ్వుకున్నాను. బొట్టు నేనే పెట్టాను. రూబీ ఎక్కణ్ణుంచో రెండు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టి, "ప్రథమచాలనం ఎవరు చేస్తారు సార్?" అని అడిగింది. ఈసారి నవ్వింది.

"ఎవరి బండి వాళ్ళే" అన్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

కాలవ కట్టమీద మూడు గంటలు తిరిగాను. రెండుసార్లు ఆగింది, ఒకసారి గేరు బదులు బ్రేకు తొక్కాను. పడలేదు. శ్యామల కుచ్చిళ్ళకి పిన్నీసులు పెట్టింది. వెనక కూర్చుని అంగలకుదురు దాకా వచ్చింది కూడా. "స్కూటరైతే ఇంకా బావుండేది" అంది దిగుతూ. భుజంమీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

సెప్టెంబరు 16, మంగళవారం, దశమి

కొలకలూరులో అర్చన అయ్యేసరికి ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. సంచులు రెండుపక్కలా కట్టాను. దర్భలు, నువ్వులు ఒక సంచిలో, రాగి చెంబులూ గిన్నెలూ ఇంకో సంచిలో. గుంట వచ్చినప్పుడల్లా గలగల. నలభై దాటలేదు నేను. వెనకొచ్చినవాళ్ళంతా దాటుకుని పోయారు, పోనిచ్చాను.

వేమూరు దాటాక ఆ కల్వర్టు దగ్గర కావాలనే ఆపాను. పక్కకి జరిగి ఎడంకాలు దింపాను. ఆనింది. కాసేపు అలాగే ఉన్నాను. మళ్ళీ స్టార్టు చేశాను, ఒక్క నొక్కుకే అందుకుంది.

రేపల్లెలో సుబ్బరత్నమ్మగారి సందులోకి తిరిగేసరికి తొమ్మిదింబావు. బండి ఆపి స్టాండు వేస్తుంటే సంచిలో చెంబులు గలగలమన్నాయి. వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఇవాళ పాలు పొద్దున్నే పోయించుకున్నాం నాయనా, ఇంక అక్కర్లేదు. వెళ్ళిరా. నేను మడిలో ఉన్నాను."

నిలబడిపోయాను.

"వినపడలేదా అబ్బాయ్? పాలొద్దు."

"పాలవాణ్ణి కాదమ్మా. సుబ్బయ్యని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తడిబట్టతో గుమ్మందాకా వచ్చి, నన్ను చూసి, బండిని చూసి, వెనక గోడమీద గడియారం చూసింది. మోచేతిమీద ఆ మచ్చ అలాగే ఉంది.

"ఇదేంటి, ఇంత పెందలాడే వచ్చావు? ఇంకా పప్పు కూడా ఎసట్లో పడలేదు. గారెలకి రుబ్బాలి. వెంకట్రామయ్య స్నానానికే వెళ్ళలేదు."

"తొందరేం లేదమ్మా. మీరు కానివ్వండి. నేను కూచుంటాను."

అరుగుమీద కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. ఆవిడ మధ్యమధ్య తొంగిచూసి, "విసుగ్గా ఉందా సుబ్బయ్యా?" అని అడిగింది. లేదన్నాను. సందులోంచి వెళ్ళేవాళ్ళు ఇద్దరు ఆగి, "పాలున్నాయా?" అని అడిగారు. లేవన్నాను.

భోక్తలు తిని లేచేసరికి పన్నెండుంబావు. పన్నెండున్నరకి సుబ్బరత్నమ్మగారు విస్తరి ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం చూసి, అప్పుడు బయల్దేరాను.